టెంకలో వేడి

రాత్రి పదకొండుంబావు. చిత్తూరు దాటి గుడిపాల దారిలో
గుజ్జు ఫ్యాక్టరీ, వేబ్రిడ్జి గది.
గోడకు మేకేసి తగిలించిన రౌటర్ మీద చెయ్యి పెడితే
అప్పుడే దించిన పెనంలా చురుక్కుమంది.

గేటు నుంచి రోడ్డు మలుపుదాకా ట్రాక్టర్లు.
నిన్న పొద్దున కోసిన తోతాపురి
పట్టల కింద చెమటలు పడుతోంది.
కాటా మీద ఒక బండి. స్లిప్పు రాదు.
కంప్యూటర్ తెర మీద చిన్న చక్రం
గింజ లేని గానుగలా ఊరికే తిరుగుతోంది.

"వీళ్ళే మేడమ్" అన్నాడు మేనేజర్ ధనుంజయ
కిటికీలోంచి చూపుడు వేలు చాపి.
"వాచ్‌మన్ మునెప్ప పాస్‌వర్డ్ చెప్పేసినాడు.
అరవై ఫోన్లు. అందరూ సినిమాలు చూస్తా ఉండారు.
కోసెయ్యండి."

లాప్‌టాప్ తెరిచి లోపలికి దిగాను.
ప్రాసెస్‌లన్నీ వరసగా నిలబడ్డాయి
ఇది సున్నా, అది సున్నా, మూలనున్నది ఒకటి.
ఎవరూ ఏమీ చెయ్యడం లేదు,
ప్రాసెసర్ మాత్రం తొంభై ఎనిమిది.
ఊరంతా నిద్రపోయాక
ఎక్కడో రోకలి పోటు వినిపిస్తున్నట్టు.

"లోడంతా కెర్నెల్‌లో ఉందన్నా."
"అంటే?"
మాట దొరకలేదు. గోడ అవతల
పులిసిన వాసన, రేపటి లారీకి పోసిన గుట్ట.
"టెంక అనుకో. గుజ్జు చల్లగానే ఉండాది.
టెంక కాలతా ఉండాది."
ఆయన తలూపాడు. పదేళ్ళుగా చేస్తున్న పని
నాకూ అప్పుడే కాస్త అర్థమైంది.

రీస్టార్ట్ చేశాను. మూడు నిమిషాలు బుద్ధిగా ఉంది.
ఛానెల్ మార్చాను. ఊహూఁ.
ఇంటర్నెట్ తీగే పీకేశాను
బయట చీకట్లో నలుగురైదుగురు "నెట్టు పాయె!" అన్నారు.
సినిమాలైతే అక్కడితో ఆగాలి కదా.
తొంభై ఎనిమిది.

ఇక ఒక్కో తీగా.
మూడోది లాగగానే
ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది పెట్టె. నాలుగు.

ఆ తీగ పట్టుకుని నడిచాను
ట్యూబ్‌లైటు మీదుగా, ఎలక పెంటికల మీదుగా,
వెంటిలేటర్లోంచి బయటికి, స్తంభం ఎక్కి
పోయిన వారం పెట్టిన కెమెరా దాకా.
వరస తప్పి దూరేవాళ్ళని పట్టుకోడానికట.

అది ఒకరితో మాట్లాడే రకం కాదు.
అడిగినా అడక్కపోయినా అందరికీ చెబుతుంది.
గాలిలోకి పంపేముందు కెర్నెల్
ప్రతి బొమ్మకీ ఫోనుకొక నకలు తీస్తోంది
అరవై నకళ్ళు, సెకనుకు పాతిక బొమ్మలు.
ఫోన్లేమో మాది కాదని
గడపలోనే పారేస్తున్నాయి.

ట్రాక్టర్ కింద గోనె పరుచుకుని పడుకున్న మనిషి బొమ్మ
సెకనుకు పాతికసార్లు
అతని చొక్కా జేబుదాకా వచ్చి పోతోంది.
అతనికి తెలీదు. నిద్రపోతున్నాడు.

సరిచేయడానికి ఒక్క టిక్కు చాలింది.
స్నూపింగ్ అంటారు. పొంచి వినడం.
ఎవరడిగారో విని వాళ్ళకే ఇవ్వడం.
ఎంత మంచి పనికి ఎంత చెడ్డ పేరు.

తీగలన్నీ మళ్ళీ పెట్టాను. ఆరు. నాలుగు. అయిదు.
ప్రింటర్ దగ్గి
ఇరుక్కున్న స్లిప్పులు ఏడూ ఒకదాని వెనకొకటి కక్కింది.

"కొయ్యలేదా ఫోన్లు?"
"వాళ్ళ తప్పు కాదన్నా. మీ కెమెరా."
"సరేలే, అయినా కోసెయ్యండి."
దానికి వేరే బిల్లవుతుందన్నాను.
కాసేపు ఆలోచించి వద్దన్నాడు.

గడప దగ్గర చెంగల్రాయుడు, బంగారుపాళ్యం,
స్లిప్పుని ఫోను వెలుగులో పెట్టి చదివాడు.
మళ్ళీ చదివాడు.
"మా ఊరి కాటాలో మూడువేల నాలుగొందల ఇరవై, పాపా.
ఈడ మూడువేల మూడొందల అరవై అయిదు.
యాభై అయిదు కిలోలు యాడికి పోయినట్టు?"

రెండు కాటాలు, రెండు పగళ్ళు, ఒక రాత్రి.
ఏ తీగ ముందు పీకాలో తెలీక
బ్యాగు జిప్పు వేసుకుంటూ నిలబడ్డాను.
పైన కెమెరా ఎర్ర చుక్క.
లోపల రౌటర్
ఇంకా వెచ్చగానే ఉంది.