నిల్వ

కందుకూరు డిపో, స్టోరు గది.
నేను చేరిన రోజు తాళం తీస్తే
ముందు గ్రీజు వాసన పలకరించింది,
ఆ తర్వాతే చీకటి.

నట్లు కొబ్బరినూనె డబ్బాల్లో,
బోల్టులు పెళ్లి భోజనాల బకెట్లో,
ఫ్యాను బెల్టులన్నీ ఒకే మేకుకి.
ఏ డబ్బా మీదా అక్షరం లేదు.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ గదికి
జిలానీ బాయి తలకాయే రిజిస్టరు.

"యాడుండాదో నాకు తెలుసులే" అనేవాడంట.
నిజంగానే తెలుసంట.
చూడకుండా చెయ్యి చాస్తే
అడిగిన వాషరు వేలికి ఉంగరంలా వచ్చేదంట.
ఆయన రిటైరైన మర్నాడు
పామూరు బండి
ముప్పావలా చెయ్యని క్లిప్పు కోసం
టైర్ల కింద రాళ్లు పెట్టుకుని
మధ్యాహ్నం దాకా నిలబడిపోయింది.

నాకు జ్ఞాపకం తక్కువ. అందుకే రాస్తాను.
గ్యాసు పుస్తకం ఎక్కడుందో
ఇప్పటికీ మా ఆయన్నే అడగాలి.
నా హ్యాండుబ్యాగులో చెయ్యి పెడితే
నిరుటి రసీదులు, ఒంటి చెవికమ్మ, చింతపిక్క.
కానీ ఇక్కడ
నా మరుపు మీద
ఒక బస్సెడు జనం కూర్చుని ఉంటారు.

రోహిణి కార్తెలో మొదలుపెట్టాను,
రేకుల కప్పు కింద, మెడకి తడిగుడ్డ చుట్టుకుని.
ఒక్కో డబ్బా గోతం మీద బోర్లించడం,
కిరసనాయిల్లో కడగడం,
పది సైజు, పన్నెండు, పదమూడు...
బియ్యంలో రాళ్లేరిన చేతులే కదా.
ఇక్కడ ఏరినవన్నీ రాళ్లే,
పారబోసేది లేదు.

మాలకొండయ్య డ్రైవరు గుమ్మంలో నిలబడి
"ఏందమ్మా, బొమ్మల కొలువు పెడతన్నావా?" అన్నాడు.
"పెడతన్నా. పేరంటానికి నువ్వే రావాల."
రోజూ వచ్చాడు. టీ తెచ్చి,
స్ప్రింగులు ఏరిపెట్టి పోయాడు.

రోజూ అడిగేది నడుమెత్తులో.
బరువైంది కింద.
ఏడాదికోసారి అడిగేది పైన.
నాకు తెలిసిన శాస్త్రం ఇంతే.
డబ్బాకో అట్టముక్క, అట్టకి మూడు గళ్లు:
జమ, ఖర్చు, నిల్వ.
తీసినవాడు తీసినప్పుడే రాయాలి.
రాయకపోతే మాటలు పడతాయి,
డిపో మేనేజరైనా సరే.

అన్నీ సర్దాక ఒక డబ్బా మిగిలింది.
ఏ బండివో, దేనికో, ఎవరూ చెప్పలేనివి.
పారెయ్యడానికి చెయ్యి రాలేదు.
"ఏవో" అని రాసి
నాలుగో అరలో పెట్టాను.

కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు
పింఛను కాగితం పనిమీద వచ్చాడు జిలానీ బాయి.
గొడుగు ముడిచి, గుమ్మం దాటి,
మాట్లాడుతూనే ఎడమ పక్కకి చెయ్యి చాచాడు.
అక్కడిప్పుడు ఏమీ లేదు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకున్న కాలులా
ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.
నేనేదో దొంగతనం చేసినట్టు
తల వంచుకుని రిజిస్టరు తిరగేశాను.

తర్వాత ఒక్కో చీటీ కూడబలుక్కుని చదివాడు.
"పదమూడు సైజు వాషర్లు, నూట నలభై.
ఇన్నున్నాయా నా కాడ?"
అది సంతోషమో ఇంకేదో,
దానికి నేను గడి గీయలేదు.

"ఏవో" డబ్బా దించి
అరచేతిలో ఒంపుకున్నాడు.
ఇది పాత బండ్ల హారనుది. ఇది తలుపు గొళ్లేనిది.
ఇది బస్సుదే కాదు, ఎవరిదో కళ్లజోడు మర.
అడుగున, శనగగింజంత గుండ్రటి బెండు ముక్క.

"కండక్టరు ఈలలోదమ్మా.
ఇది లోపల ఆడకపోతే ఈల ఊరికే ఉస్సుమంటది.
సింగరాయకొండ లైనులో తిరిగే పిల్లోడు,
ఈల పగిలితే తెచ్చిచ్చినాడు,
కొత్తది వచ్చిందాకా దాచమని.
మళ్లీ రాలా."

ఎందుకని నేనడగలేదు.
తీసుకుపొమ్మన్నాను.
"స్టోరుదమ్మా" అంటూ
నా చేతిలోనే పెట్టాడు.

ఆయన వెళ్లాక కొత్త అట్టముక్క కోశాను.
వస్తువు: ఈల బెండు.
జమ: ఒకటి.
ఖర్చు దగ్గర పెన్ను ఆగింది.

బయట వానలో
పామూరు బండి వెనక్కొస్తోంది.
ఎవరో ఈల ఊదుతున్నారు.