మూడో దెబ్బ

పాట రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
ప్రొడ్యూసర్లు పద్నాలుగు మంది.
వేలితో పేర్లు పైకి తోసుకుంటూ
నా పేరు దాకా వచ్చేసరికి
పాట అయిపోయి ఇంకెవరిదో మొదలైంది.

సినిమాకి ప్రొడ్యూసరంటే డబ్బున్నవాడు.
మా పాటకి ప్రొడ్యూసరంటే
ఇయర్‌ఫోన్లో ఒకవైపే పనిచేసేవాడు.

పదకొండోవాణ్ణి నేను.
పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.
ఎవరితో మొరపెట్టుకోను?
పగలు గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను.
పుట్టినరోజు అన్న నిలువెత్తు,
ఆయన కాళ్ల దగ్గర అగ్గిపెట్టెల్లా నలభై తలలు.
తల చిన్నదైనవాడు రాత్రి పదింటికొచ్చి తిడితే
“తలుంది కదన్నా, సర్దుకో” అనేవాణ్ణి.

నాది నాలుగు సెకన్లు.
ఫ్లెక్సీ అంచుల్లో రింగులు దిగ్గొట్టే మిషన్ చప్పుడు.
డప్, డప్,
కాస్త ఆగి
డప్.
ఫోన్లో పట్టి సింగ్‌నగర్ యోహానుకి పంపాను.
వాడు దాన్ని సాగదీసి, బావిలో జారవిడిచి,
గుంటూరులో మస్తాన్‌వలికి పంపాడు.
మస్తాన్ మిర్చియార్డులో గుమస్తా,
కళ్ళంలో పట్టా పరిచినట్టు కింద బేస్ పరిచి
తుమ్ముకుంటూ తెనాలికి పంపాడు.
అక్కడ కెజియా
చర్చిలో మూలన పడేసిన కీబోర్డు మీద
రెండు మెట్లే వాయించింది. మిగతావి పలకవట.

అక్కణ్ణుంచి నాకు తెలీదు.
ఒకడు ఈల కలిపాడు.
ఒకడు ఆ ఈల తీసేశాడు. తీసేసినందుకూ పేరే.
ఇంకొకడు ఏమీ చెయ్యలేదు,
కృష్ణలంకలో, కరకట్ట కింద
పాట పుట్టిన గది వాడిది, కరెంటు బిల్లు వాడిది.
వాడి పేరు నాకన్నా పైన.

నా వాటా ఒకటిన్నర శాతం.
మూడు నెలలకి
రెండు టీలూ ఒక సమోసా.

అయినా హైదరాబాదులో చెవి తెలిసినవాడెవడో అన్నాడట,
“ఆ మూడో దెబ్బ ఆలస్యంగా పడుతుందే, ఆ తూగు,
పాటకి ప్రాణం అక్కడుంది” అని.
యోహాను ఆ ముక్క నాకు ఐదుసార్లు పంపాడు.
కాలరెగరేసి షాపు స్పీకర్లో పాట పెట్టాను.

మిషన్ దగ్గర నాగూరయ్య తలెత్తాడు.
ఊళ్ళో ఏ ఫ్లెక్సీ మీదా ఆయన పేరుండదు.
ఆయన వేసిన కన్నాల్లోంచే
అందరి మొహాలూ స్తంభాలకి వేలాడతాయి.

“ఇది మన మిషనే గదరా.”
చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ విన్నాడు.
“మూడోది తడబడింది చూడు.
ఆ వారం నా బొటనవేలికి కట్టు.”

పద్నాలుగు పేర్లూ మళ్ళీ చదివాను,
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.
పదిహేనోది రాయిస్తానన్నాను.

“పేరేం చేసుకోను?
పిడి వదులైంది, కొత్తది వేయించు.”

ఆటోనగర్ తీసుకెళ్ళి వేయించాను.
ఇప్పుడు దెబ్బలన్నీ ఒకే ఎడంతో పడుతున్నాయి.

నిన్న రాత్రి యోహాను ఫోను.
కొత్త పాటట, అప్పుడే తొమ్మిదిమంది చేరారట,
ఆ పాత చప్పుడే మళ్ళీ కావాలట.

పొద్దున నాగూరయ్య వేలు చూశాను.
పూర్తిగా మానిపోయింది.