సోషలమ్మ

అమలాపురం ఏరియా ఆసుపత్రిలో
ఎక్స్‌రే గదికీ చెప్పుల స్టాండుకీ మధ్య నా బల్ల.
ఒక కాలు పొట్టి. కింద మందుల అట్టముక్క మడిచి పెట్టాను.

"మందియ్యవు, సూదెయ్యవు,
మరి నువ్వేటి చేత్తావమ్మా ఇక్కడ?"
అడిగింది పల్లాలమ్మ, మొదటిరోజు.
సోషల్ వర్కర్నన్నాను.
"ఆయ్, సోషలు చెప్పే టీచరమ్మా!" అని తలూపి
మొగుడి మంచం వైపు వెళ్ళిపోయింది.
నేను దిద్దలేదు.
అప్పటికి నాకూ అంతకంటే మంచి జవాబు తెలీదు.

ధనకోటి దింపు కార్మికుడు.
ముప్పై ఏళ్ళలో ఎన్ని చెట్లెక్కాడో లెక్కలేదు,
దిగడం ఒక్కసారే తప్పాడు.
నడుం కింద కాళ్ళున్నాయి గానీ
పక్కింటోళ్ళ కాళ్ళలా ఉన్నాయంటాడు.
"కనపడతాయండి, పలకవు."

డాక్టరుగారు డిశ్చార్జి రాశారు: ఇంటికి పంపవచ్చు.
ఆ మాటకి అరగీత సిరా చాలు.
ఇల్లంటే
ముందు ఆటో, తర్వాత పంటు,
పంటు దిగాక చీలమండలు ముణిగే ఇసక,
ఆ ఇసకలో చక్రాల కుర్చీ కదలదు.
ఆపైన రొయ్యల చెరువు గట్టు, మనిషి వెనక మనిషి నడిచే గట్టు.
చివర, వంగితేనే పట్టే గుమ్మం.
ఇవేవీ స్కానింగులో పడవు.
వీటిని రాసుకోడానికే నాకు జీతం,
అదొచ్చిన నెలల్లో.

పింఛను కాగితాలకి మిషను వేలిముద్ర అడిగింది.
బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు.
చూపుడువేలు. ఎర్ర లైటు.
పది వేళ్ళూ వరసగా ఓడిపోయాయి.
గీతలన్నీ ఎప్పుడో కొబ్బరి మానులు గీక్కుపోయాయి.
పోనీ నామినీగా పల్లాలమ్మ పెట్టింది.
పీచుతాడు పేనిన చేతులు. అక్కడా ఎరుపే.
"గ్లిజరిన్ రాసుకుని రేపు రండి" అన్నాడు కుర్రాడు.
రేపంటే మళ్ళీ గట్టు, ఇసక, పంటు,
మోసే నలుగురికీ ఒకరోజు కూలి.

నేను కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను.
క్యారేజీ అక్కడే విప్పాను. వంకాయ కూర వాసనకి
కుర్రాడు రెండుసార్లు తలెత్తాడు.
నాలుగింటికి బీరువాలోంచి కంటి మిషను బయటికొచ్చింది,
కవరు కూడా చింపలేదు దానికి.
ధనకోటి కన్ను పెద్దది చేశాడు. ఆకుపచ్చ.
"పైనుంచి సముద్రం అగుపడేదండి ఈ కళ్ళకి"
అన్నాడు, మిషనుతోనే అన్నట్టు.

గెలిచాననుకోకండి.
శ్రావణంలో గోదారి ఎర్రబడి పంటు ఆగిపోయింది పదకొండు రోజులు.
వీపు మీద పుండు లేచిందని ఫోన్లో తెలిసింది.
మనిషిని తిప్పి పడుకోబెట్టడం మందులషాపులో దొరకదని
ముందే నేర్పాల్సింది నేను.
నేర్పలేదు. రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా ఉంది,
ఇప్పుడు నింపినా అది అబద్ధమే.

రెండు గంటలకోసారి తిప్పమన్నాను.
ఇంట్లో గడియారం లేదంది.
కాసేపు ఇద్దరం పలకలేదు. ఫోన్లో వాన.
తర్వాత తనే వెతుక్కుంది:
చెరువులో ఏరేటర్లు తిరగడం మొదలెట్టినప్పుడోసారి,
ఆగినప్పుడోసారి,
మేతకుర్రాడి మోపెడ్ చప్పుడుకోసారి,
రాత్రిళ్ళు కావలివాడి దగ్గుకి.
పుండు మానడానికి కార్తీకం దాకా పట్టింది.

నిన్న పల్లాలమ్మ ఇంకో మనిషిని వెంటబెట్టుకొచ్చింది.
చీర కుచ్చెళ్ళకి చెరువు బురద, పురిటి ఎదురు పొట్ట,
చేతిలో ఎవరిదో రక్తపరీక్ష కాగితం, నాలుగు మడతలు.
"ఈవిడేటి చేత్తాది?" ఆ మనిషి గొంతు తగ్గించి అడిగింది.
నేను తల దించుకుని పెన్ను వెతుకుతున్నాను.
"మందియ్యదు. సూదెయ్యదు" అంది పల్లాలమ్మ.
ఆగింది.
"కూకుంటాది. మన పనయ్యేదాకా లెగదు."

బల్ల మీద మోచేయి ఆనించి
ఆ మనిషి కాగితం ఒక్కో మడతా విప్పింది.
బల్ల ఊగింది.
పేరు చెప్పమ్మా, అన్నాను.