నార దారం

మోలియోన్‌లో మార్చి వాన. సమ్మె పందొమ్మిదో రోజు.
నార చెప్పుల ఫ్యాక్టరీ గేటు ముందు
రేకుల కింద గాషుషా పొయ్యి వెలిగించింది.
పదకొండుమందికి ఒక్క కోడి,
అదీ గుడ్లు మానేసిన ముసలిది.

"ముక్కలు కొట్టనా?" అన్నాను కత్తి తీసి.
"ముక్కలైతే లెక్కలొస్తాయి,
నీకు తొడ, నాకు మెడ అని.
ఉన్నదాన్ని ఉన్నట్టే దించు."

కాళ్లు కట్టడానికి ఏమీ లేదు.
ఎన్యాట్ జేబులు తడిమి
అట్టలు కుట్టే దారం తీశాడు,
పన్నెండేళ్లుగా అతని వేళ్లు కోసిన దారం.

చన్నీళ్లలోనే వేసింది కోడిని.
వేడినీళ్లయితే బిగుసుకుపోతుందట,
గొంతు పెంచితే మన ఎన్యాట్‌లాగే.

తేలిన నురగ తీసి పారబోసి
క్యారెట్లు, టర్నిప్‌లు, లీక్ కాడలు,
లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ.
క్యాబేజీ మాత్రం ఆఖర్న.
"అది తొందరగా లొంగిపోతుంది" అంది
ఎవరి వైపూ చూడకుండా.
పెయో నిన్ననే లోపలికి వెళ్లిపోయాడు.

కుతకుత కాదు,
బుడగ వెనక బుడగ, మూడు గంటలు.
మూత వణికినప్పుడల్లా
పై అంతస్తులో ఒక కిటికీ
బెత్తెడు తెరుచుకునేది.

గరిటె తగిలీ తగలగానే
ఎముక తనంతట తనే జారింది.
ఎవరికేం వచ్చిందో ఎవరం చూడలేదు.
నాకు ఎక్కువగా టర్నిప్పే;
రొట్టె ముంచుకుని గిన్నె తుడిచేశాను.

అడుగున మిగిలిన దారాన్ని
గాషుషా పిండి, ఉండ చుట్టి
ఎన్యాట్ అరచేతిలో పెట్టింది:
"కంపెనీ సొత్తు, జాగ్రత్త.
వాళ్లు లెక్క రాసుకుంటారు."