ప్రశ్న నంబరు పదిహేడు

"మొత్తం మీద మీ జీవితంతో
మీరెంత తృప్తిగా ఉన్నారు?
సున్నా అంటే అసలు లేదు, పది అంటే పూర్తిగా."
భోలక్‌పూర్ గల్లీలో, మూడో అంతస్తు మెట్ల మీద
ట్యాబు మోకాలికి ఆనించుకుని
ఇది చదవడానికి మనిషికి ముప్ఫై సెకన్లిచ్చారు నాకు.
జవాబుకెంతో చెప్పలేదు.

కమరున్నీసా గాజులకు రాళ్ళు అతుకుతోంది.
"పది ఎవరికొచ్చింది ఇప్పటిదాకా?"
పరీక్ష రాసొచ్చిన పిల్లలా అడిగింది.
చెప్పకూడదన్నాను.
"అంటే ఎవరికీ రాలే," అని
పట్టకారుతో ఒక ఎర్ర రాయెత్తి
వెలుతురుకు పెట్టి చూసింది.
"నాలుగు రాయి. నల్లా రాక మూడు రోజులు."

కింద తుక్కు దుకాణం బాలనర్సు
లెక్క ముందే తేల్చుకోవాలన్నాడు:
"ఇనుముకొక ధర, అట్టలకొక ధర.
నన్ను దేని కింద జోకుతున్నవ్ బిడ్డా?"
ఆ ఎంపిక నా ట్యాబులో లేదు.
గడి ఖాళీగా వదిలితే పేజీ తిరగదు.
ఐదు నొక్కాను.
ఐదు గురించి పైనెవరూ ఏమీ అడగరు.

ఎదురింట్లో అత్త తొమ్మిదంది,
కోడలి తరఫున కూడా.
కోడలు నాకు నీళ్ళ గ్లాసందిస్తూ
రెండు వేళ్ళు చాపింది.
చుక్కలు విదిలించుకుందో
రెండని చెప్పిందో
ఇప్పటికీ తెలీదు నాకు.

సందు చివర నిలబడి 'సమర్పించు' నొక్కానో లేదో
గోడల్లో గొట్టాలు దగ్గాయి.
బిందెలన్నీ ఒక్కసారి మెట్ల మీదికొచ్చాయి.
పిట్టగోడ మీంచి వంగి కమరున్నీసా
తడి చెయ్యి ఊపుతూ
"ఓ సర్వే అమ్మా! ఏడు చెయ్యి! నాది ఏడు!"
తాళం పడ్డ ఫారం తెరుచుకోదు.
సరేనని తలూపాను.
ఆమె అప్పటికే నీళ్ళ వైపు తిరిగింది.

రాత్రి పదకొండుకు సూపర్‌వైజరు ఫోను.
"మీ బ్లాకులో నాలుగులు ఎక్కువున్నయ్ మేడం,
ఒక్కసారి చూస్కోండి. తాళం నేను తీస్తా."
చూసుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.
ఒక్క ఫారమే తీయమన్నాను.
నాలుగు కొట్టేసి ఏడు వేశాను.
ఆయన సంతోషించాడు.
నిజం చెప్పాలంటే నేనూ.
ఆ వేళకు భోలక్‌పూర్లో
నల్లా కట్టేసి మూడు గంటలైంది.

నివేదిక విడుదల ఖైరతాబాద్ హాల్లో.
ఫోల్డర్లు పంచడానికి మమ్మల్ని పిలిచారు.
తెర మీద ఆకుపచ్చ గీత, పక్కన
ఆరు పాయింటు నాలుగు.
చప్పట్లు.
రెండు నెలలు తిరిగాను,
పాయింటు నాలుగని ఒక్కరూ అనలేదు.
ఆ నలుసు ఎవరి దగ్గర రాలిందో,
రెండు వేళ్ళ పిల్ల
ఎన్నో దశాంశంలో ఉందో.

అందరూ వెళ్ళాక చూస్తే
ప్రతి కుర్చీ ముందూ
మూత తీయని నీళ్ళ సీసా.
ఆరింటిని బ్యాగులో వేసుకున్నాను.
ఏడోది పట్టలేదు.