తాలు

గుంతకల్లులో గూడ్సుబండి పోయేటప్పుడు
మా వీధిలో మాటలన్నీ ఆగి నిలబడతాయి.
గోడలు అదురుతాయి, పొయ్యి మీది మూత గడగడలాడుతాది.
నా కొడుకు కుళ్ళాయప్ప మాత్రం
చీమల బారు వెంట వేలు నడిపిస్తానే ఉంటాడు.
"దేనికీ ఉలిక్కిపడడు, గుండెగలోడు" అని
రెండేండ్లు మురిసిపోయినాం.

నేను బొరుగుల బట్టీ దాన్ని.
కాలిన ఇసుకలో బియ్యం పోసి కదిపితే
గింజ గింజకీ నోరు పెగిలి తెల్లగా ఎగురుతాది.
ఆ పనికి నా నోటితో పని లేదు.
పుట్టింట్లో, ఆడపిల్ల గొంతు గడప దాటగూడదన్నారు.
అత్తింట్లో, దస్తగిరమ్మ ఉన్నా లేనట్టే అని మెచ్చుకున్నారు.
ఆ మెప్పునే ఇన్నేండ్లూ కొంగున ముడేసుకున్నా.

చెవికి మిషను పెట్టిన రోజు
ఓబులమ్మ మేడం నా చేయి పట్టుకొని చెప్పింది:
"ఇది వాడికి చప్పుడిస్తుందమ్మా, మాట ఇవ్వదు.
మాట నువ్వే పోయాల.
కనబడిందల్లా చెప్పు, చేసేదల్లా చెప్పు,
వాడు పలకకపోయినా చెప్పు."

ఏం చెప్పాల?
ఎప్పుడైనా ఎవరికైనా ఏమైనా చెప్పినానా నేను?
ఆ రాత్రి పొయ్యి ముందర కూర్చొని
దొంగతనం చేసినట్టు మెల్లగా అన్నా:
ఇది చాట.
ఇది జల్లెడ.
ఇసుక కాలుతాంది, చేయి పెట్టొద్దు.
నా గొంతు నాకే
ఊరుగాని ఊరి చుట్టం మాదిరి వినబడింది.

గురువారం గురువారం
రైల్వే క్వార్టర్ల ఎనక రేకుల గదిలో
చాప మీద తొమ్మిదిమంది తల్లులం.
బిడ్డ ఎనక కూర్చొని, నోరు కనబడనీకుండా
ఆ అంటాం, ఊ అంటాం, ఈ అంటాం,
మ్, స్, ష్.
వినబడితే ఒక బొరుగు గ్లాసులో వేయాల.
మూడు నెల్లు కుళ్ళాయి బొరుగులు తిన్నాడు.

పామిడి సుంకమ్మ ఏడుస్తాంటే
ఎవరమూ ఊరుకోమనం. ఏడ్చినంతసేపు ఏడ్చి
ముక్కు చీదుకొని మళ్ళీ "ఊ" అంటాది.
వజ్రకరూరు హనుమక్క ఒకసారి అంది:
"తొలకరి పడితే మా ఊరి చేలల్లో
జనం తలకాయలొంచుకొని వజ్రాలు వెతుకుతారు మ్మే.
దొరికేది ఎవరికి? ఐనా మల్లా వానకు మల్లా పోతారు."
ఆ పొద్దు ఆమె బిడ్డ
"స్" కు తల తిప్పింది.

"గోడలతో మాట్లాడతాంది నీ పెండ్లాం" అని
మా అత్త కొడుక్కి పితూరీ చెప్పింది.
పోయిన నెల దొడ్లోకి పోయి చూస్తే,
బట్టలు ఉతుకుతా ఆమే:
"ఇది సబ్బు నాయనా, సబ్బు. ఇది మీ నాయన అంగీ.
థూ, ఎంత మురికో చూడు."

నిన్న మాపటేళ
సంగటి ముద్ద పెడతా, అలవాటుగా నేను:
వేడిగుంది, ఊదుకో, ఇది పుల్లగూర,
పుల్లగుందా, ఇంకొంచెం పెట్టేదా, ఇంకొక్క ముద్ద...
వాడు నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి
"తాలు" అన్నాడు.

అమ్మ అంటాడని కదా కాచుకున్నా.
చాలు అన్నాడో,
చాటలోంచి ఎగిరిపోయే తాలు అన్నాడో.
రెండూ నేను చెప్పిన మాటలే.
చాలంటే, సంగటికా? నా వాగుడుకా?
గురువారం మేడమును అడగాల.

చేయి కడిగించినా.
ఇది చెంబు. ఇవి నీళ్ళు. చల్లగున్నాయి.