నూనె పల్లమెరుగు

లమ్‌జీరా మొదట కారు తేలేదు,
ఒక అట్టముక్క తెచ్చింది.
రాత్రంతా బండి కింద పరిచిన బిస్కెట్ల పెట్టె అట్ట.
నడిమధ్యన అరచేయంత నల్లటి మచ్చ,
పక్కన పిల్లలు మూడు.
ఎక్స్‌రే చూపించినట్టు
వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది.

"వెనక సీలు రెండుసార్లు మార్పించాను జుంబెర్.
ఒకసారి జెస్టపోనిలో,
ఒకసారి ఇక్కడే, నీ బావమరిది దగ్గర.
రెండుసార్లూ గేర్‌బాక్సు దించారు.
రెండుసార్లూ నా జున్ను డబ్బులు దిగిపోయాయి."

బావమరిది మాట రాగానే
నేను నీళ్లు నమిలాను.

మా చియతూరాలో నల్లమచ్చకు ఎవరూ కంగారుపడరు.
గనుల్లో మాంగనీసు, గోళ్లలో మాంగనీసు,
కేబుల్ పెట్టెల కింద పారే నది కూడా
కాటుక కడిగిన నీళ్లే.
కానీ ఆమె గొంతులో
లీటరు నూనె ధర వినిపించింది.

ఎనభైమూడు నాటి జిగులి. ఒకప్పుడు లేత పసుపు.
బానెట్ ఎత్తితే ఇంజనంతా తడి.
అంతా తడిసినచోట
ఎక్కడ తడిసిందని అడగకూడదు.
ముందు కడగాలి.

"కారిందంతా తుడిచేస్తే ఇంకేం దొరుకుతుంది మామా?"
అన్నాడు బచానా, పనిలో చేరి నెల కాలేదు.
కిరోసిన్ డబ్బా, కుంచె వాడి చేతిలో పెట్టాను.

నీరు పల్లమెరుగు.
నూనె ఇంకా గడుసుది,
పల్లమూ ఎరుగు, గాలివాటమూ ఎరుగు.
ముందు పుట్టి వెనక తేలుతుంది,
పైన జారి కింద దొరుకుతుంది.
చుక్క రాలినచోట నిలబడి తీర్పు చెప్పినవాడు
గేర్‌బాక్సు దించుతాడు.
తడికి అన్నిటికన్నా పై అంచు ఎక్కడుందో
అక్కడికి ఎక్కాలి, అద్దమూ టార్చీ పట్టుకుని.

బచానా వాళ్ల చెల్లెలి పౌడరు డబ్బా తెచ్చాడు.
తలంటి పోసి పౌడరద్దిన పసిబిడ్డలా
ఆ ముసలి ఇంజను
మొహం తెల్లగా చేసుకుని కూర్చుంది.
గని గేటు దాకా తోలి, తిరిగొచ్చి చూశాం.

మూడుచోట్ల చెమ్మ.
వాల్వు మూత మూలన,
డిప్‌స్టిక్ మెడ దగ్గర,
వెనక, కొత్త సీలు కింద.
మూడు కాపలాలు ఒకే రాత్రి నిద్రపోతాయా?
డిప్‌స్టిక్ అంగుళం పైకి లేచి ఉంది,
లోపలినుంచి ఎవరో వేలితో నెట్టినట్టు.

నూనె మూత తిప్పాను.
మూత అడుగున పసుపురంగు మీగడ.
రంధ్రం మీద అరచేయి ఆనిస్తే
అరచేతిని తోసింది.

ఊపిరి గొట్టం విప్పి బల్ల మీద తట్టాను.
ఏమీ రాలలేదు.
తీగతో పొడిస్తే వచ్చింది,
బొటనవేలంత, గడ్డకట్టిన మీగడ.

"చిల్లు కాదు లమ్‌జీరా.
గాలి పోయే దారి పూడిపోయింది.
దారిలేని ఆవిరి, దొరికిన ప్రతి సందునూ
గుమ్మం చేసుకుంది.
రోజూ ఎంత దూరం నడుపుతావు?"

"ఇంటినుంచి కేబుల్ స్టేషను. జున్ను పైకి పంపి, వెనక్కి.
రెండు కిలోమీటర్లు ఉంటుందేమో."

"ఇంజను వేడెక్కేలోపు ఆపేస్తున్నావు.
లోపలి నీరు లోపలే ఉండిపోతోంది.
వారానికోసారి కుతాయిసీ దాకా తోలు."

"కుతాయిసీలో నాకెవరున్నారు?"

"ఎవరూ ఉండక్కర్లేదు.
టీ తాగి తిరిగి రా."

మందుచీటీలో సినిమా టికెట్టు రాసినట్టు
నావైపు చూసింది.
పదిహేను లారీలు, ఒక సులుగుని జున్ను ఉండ
బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఆరు వారాలకు మళ్లీ అట్టముక్క.
మచ్చ లేదు.
వెనక్కి తిప్పి చూపించింది, పెన్సిలు రాత:
కుతాయిసీ. కుతాయిసీ. సామ్‌త్రెదియా.
కుతాయిసీ, వాన.
బతూమి.

బతూమిలో ఎవరున్నారని అడగబోయి
డిప్‌స్టిక్ లాగి చూశాను.
నూనె గీత దగ్గరే ఉంది.

అట్ట మూలన ఆవగింజంత చుక్క ఒకటి ఉంది.
ఇద్దరం చూశాం, ఇద్దరం ఊరుకున్నాం.
నలభై ఏళ్ల బండి,
ఆమాత్రం కూడా రాలకపోతే
నూనె అయిపోయిందని భయపడాలి.

బావమరిదికి ఇంకా చెప్పలేదు.